300 మంది గీతకు ఇవతల మనవాళ్లు

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒక అంకె మార్చింది. ఇదివరకు 100 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ మనుషుల్ని తీసేయాలన్నా, మూతవేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇప్పుడు 300 మంది ఉంటేనే కావాలి. కార్మికులకు అన్యాయమని యూనియన్లు, ఉద్యోగాలు పెరుగుతాయని యజమానులు అంటున్నారు.

నిజానికి 1976లో ఈ నిబంధన పుట్టినప్పుడూ అంకె 300లే. 1982 సవరణతో అది 100కి దిగింది. దానివల్ల మేలు జరిగిందా? కార్మికుల వైపు మొగ్గి చట్టాన్ని సవరించుకున్న రాష్ట్రాల్లో నమోదైన ఫ్యాక్టరీల ఉత్పత్తి, ఉపాధి తగ్గాయని 2004లో బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు రాశారు. మనం స్థిరపడిన మహారాష్ట్ర, ఒడిశా ఆ జాబితాలోవే. తమిళనాడు, కర్ణాటక అవతలి వైపున్నాయి. రాష్ట్రాలను అలా విడదీసిన పద్ధతే సరికాదని ఆదిత్య భట్టాచార్జీ వాదించారు. ఆ అభ్యంతరంలో బలముందనే మేమూ అనుకుంటాం.

ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఈ గీతకు ఎప్పుడూ ఇవతలే ఉన్నారు. సోలాపూర్ చూడండి. పెద్ద మిల్లులు మూతపడి ఏళ్లయింది. టవళ్లు, చద్దర్లు ఇప్పుడు చిన్న చిన్న మరమగ్గాల షెడ్లలో తయారవుతున్నాయి. అక్కడ పీసు లెక్కన కూలి తీసుకునే పద్మశాలికి 100 అయినా 300 అయినా ఒకటే.

పెద్ద ఫ్యాక్టరీల్లో మాత్రం యజమానులు వేరే దారి వెతుక్కున్నారు. పర్మనెంటు మనిషిని తీయడం కష్టమని కాంట్రాక్టరు ద్వారా మనుషుల్ని తెచ్చుకున్నారు. వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం ఈ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో ఐదోవంతు కాంట్రాక్టు వాళ్లు. 2022-23 నాటికి 40 శాతం దాటారు. పని అదే, జీతం తక్కువ. రక్షణ కొందరికి దక్కింది, దాని ఖరీదు మిగతావాళ్ల కూలిలో తేలింది. గీతను 300కి జరిపినంత మాత్రాన ఆ కాంట్రాక్టు పోస్టులు పర్మనెంటు అవుతాయని మేం నమ్మం. తక్కువ జీతానికి అలవాటుపడ్డ యజమాని ఎందుకు మారతాడు?

కొత్త కోడ్లలో మనకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. నియామక పత్రం తప్పనిసరి. నిర్ణీత కాలానికి కంపెనీయే నేరుగా తీసుకున్నవాళ్లకు పర్మనెంటు వాళ్లతో సమానంగా జీతం, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ. హోసూరు, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీల్లో చేరే పిల్లల తల్లిదండ్రులు ఆ పత్రం ఒకసారి అడిగి చూడండి. దాని మీద కంపెనీ పేరు కాక కాంట్రాక్టరు పేరుంటే ఈ ఏడాది గ్రాట్యుటీ లెక్క వాళ్లకు వర్తించదు.