పావురాల మీద నేరం మోపి చేతులు దులుపుకుంటారా?

నగరంలో ఏ రోగం వచ్చినా నేరం మోపడానికి పాలకులకు ఎవరో ఒకరు దొరుకుతారు. దోమలు పెరిగితే నీళ్లు నిల్వ చేసుకున్న గృహిణిది తప్పు. పిల్లలకు విరేచనాలైతే తల్లిది తప్పు. నీళ్లు రోజూ ఎందుకు రావో, మురుగు ఎందుకు పారదో ఎవరూ అడగరు. ఇప్పుడు పావురాల వంతు, వాటికి గుప్పెడు గింజలు వేసే ముసలమ్మ వంతు వచ్చింది.

మౌలాలిలో రైల్వే క్వార్టర్ల సన్‌షేడ్ల మీద, హౌసింగ్ బోర్డు కాలనీ బాల్కనీల్లో, పారిశ్రామికవాడలోని రేకుల షెడ్ల దూలాల మీద పావురాల రెట్ట పేరుకుపోతూనే ఉంటుంది. ఎండిన రెట్టలో క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఫంగస్ పెరుగుతుంది. ఈ సంగతిని ఎమన్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1955లోనే చెప్పాడు. దుమ్ముతోపాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆరోగ్యవంతుల్లో చాలావరకు అక్కడే అణిగిపోతుంది. రోగనిరోధక శక్తి క్షీణించినవారిలో, ముఖ్యంగా సకాలంలో మందులు అందని హెచ్ఐవి బాధితుల్లో, మెదడు పొరలకు పాకుతుంది. తలనొప్పి, జ్వరంతో మొదలై, చికిత్స లేకపోతే ప్రాణం తీస్తుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా తయారుచేసి, దీన్ని మొదటి వరుసలో పెట్టింది.

అయితే ఈ దుమ్ము అందరూ సమానంగా పీల్చరు. తెల్లవారుజామున వీధులు ఊడ్చేది ఎవరు? కాంట్రాక్టు మీద పనిచేసే స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళితులు. బాల్కనీ గీకి కడిగేది ఎవరు? పనిమనిషి, లేదా ఆ ఇంటి కోడలు. రెట్టను పొడిగా ఊడ్చకూడదు, ముందు నీళ్లతో తడపాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. ఇది పెద్ద విజ్ఞానమేమీ కాదు, పెద్ద ఖర్చూ కాదు. అయినా చీపురు ఇచ్చినంత తేలిగ్గా మాస్కు ఇవ్వరు.

2025 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబయిలోని 51 కబూతర్‌ఖానాలను మూసేయమంది. దాదర్‌లో టార్పాలిన్లు కప్పారు. జీవకారుణ్యం పేరిట ఒక పక్షం, ప్రజారోగ్యం పేరిట మరో పక్షం కోర్టులోనూ వీధిలోనూ తలపడ్డాయి. ఇరుపక్షాల మధ్య, ఆ రెట్ట ఎత్తే మనిషి గొంతు మాత్రం వినబడలేదు. గింజలు వేయడం తగ్గితే మంచిదే. కాని మేత ఆపినంత మాత్రాన మందు అందుతుందా?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఫంగస్‌కు మన దగ్గరున్న మందుల రకాలు బహుకొద్ది. ఆ కొద్దిటినీ మొద్దుబారనిస్తున్నాం. క్రిప్టోకాకస్‌కు ఫ్లూకోనజోల్ ఒక్కటే ఇస్తే, దాన్ని తట్టుకున్న కణాలు మిగిలి మళ్లీ పెరుగుతాయి. అందుకే యాంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ కలిపి ఇవ్వాలంటారు. చవకగా దొరికేది మాత్రం ఫ్లూకోనజోలే. మరోవైపు, వరిలో పొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ కూడా ఈ మందు కుటుంబానివే. పొలాల్లో ఈ జాతి మందుల వాడకం వల్ల ఆస్పర్‌జిల్లస్ అనే మరో ఫంగస్ ఆసుపత్రి మందులకు కూడా లొంగకుండా పోతోందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. అలా లొంగని రకాన్ని ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ సంస్థ పరిశోధకులు 2012లోనే మన దేశపు పర్యావరణంలో చూపించారు.

ఇదంతా దూరపు సంగతి అనుకుంటే, మన బస్తీల్లో తామరను చూడండి. రోజంతా తడిబట్టలతో అంట్లు తోమే స్త్రీ డాక్టరు దగ్గరకు పోతే ఒక పూట కూలి పోతుంది. మందుల షాపులో స్టెరాయిడ్ కలిపిన క్రీము కొంటుంది. దురద తగ్గుతుంది, తామర వ్యాపిస్తుంది. టెర్బినాఫిన్‌కు లొంగని తామర ఫంగస్‌కు 2020లో పెట్టిన పేరులోనే మన దేశం ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. అనేక స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన పెట్టింది. దాన్ని అమలుచేయని అధికారిని వదిలేసి, క్రీము కొన్న స్త్రీని అజ్ఞాని అంటారు!

2021 మే నెల మరిచిపోగలమా? కోవిడ్ వెంట బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో నిండిపోయింది. యాంఫోటెరిసిన్ కోసం కుటుంబాలు ఊరంతా తిరిగాయి. మందు కనిపెట్టడం వేరు, అది పేదలకు అందడం వేరని అప్పుడే తేలింది.

2017 హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం, సాధ్యమైనంత మేరకు అని మెలిక పెట్టినప్పటికీ, పరీక్షలనూ, వెంట వచ్చే అంటురోగాల చికిత్సనూ ప్రభుత్వాల బాధ్యతల్లో చేర్చింది. కనుక మనం దయ కోరడం లేదు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన ప్రతి హెచ్ఐవి బాధితురాలికీ క్రిప్టోకాకల్ యాంటిజెన్ రక్తపరీక్ష ఉచితంగా చేయాలి. యాంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ ప్రతి జిల్లా ఆసుపత్రిలో నిల్వ ఉండాలి. ఊడ్చే ప్రతి కార్మికురాలికీ మాస్కులు, చేతి తొడుగులు, నీళ్లు, ఏటా వైద్యపరీక్ష కాంట్రాక్టులోనే రాయాలి. స్టెరాయిడ్ క్రీముల అమ్మకాన్ని అదుపుచేయాలి. పొలంలో కొట్టే ఫంగస్ మందుకు అనుమతి ఇచ్చేముందు ఆరోగ్యశాఖ మాట వినాలి.

బస్తీల్లో పనిచేసే మనం ఈ డిమాండ్లను పారిశుధ్య కార్మికుల సంఘాలతో, హెచ్ఐవి బాధితుల సంఘాలతో కలిసి ముందుకు తీసుకుపోవాలి. పావురాలను వలవేసి పట్టుకుపోయి, సమస్య తీరిందని ఫొటోలు దిగితే ఒప్పుకోవద్దు. పావురం ఎగిరిపోయినా, చీపురు ఆమె చేతిలోనే ఉంటుంది.