ఇంటి ముఖానికి గిరాకీ, లోపలికి మందకొడి

సంక్రాంతి వెళ్లింది మొదలు ఆషాఢం వచ్చే వరకు ఇళ్ల మరమ్మతు సరుకుకు సీజను. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, వానలు పట్టుకుంటే తాపీ పని సాగదు. అందుచేత సిమెంటు, టైల్సు, గ్రానైటు, రంగుల కదలిక ఈ కొద్ది నెలల్లోనే ఎక్కువ. ఇందులో కొత్త ఇళ్ల కొనుగోళ్లది ఒక దారి, పాత ఇళ్ల కొనుగోళ్లది మరొక దారి. కొత్తగా కట్టేవాడు పునాది నుంచి లెక్క వేసుకొని సరుకు తెస్తాడు. పాత ఇంటివాడు ముందుగా అడిగేది ఎలివేషను సరుకు. అద్దాలు, అల్యూమినియం కాంపోజిట్ షీట్లు, ముందు గోడ టైల్సు తేలిన తర్వాత సొమ్ము మిగిలితే అప్పుడు మెట్లు, గదులు, గాలి సంగతి. ఈ వరుస తలకిందులుగా ఉన్నది. దీనివల్ల ఎక్కువ నష్టం వర్తక కుటుంబాలకే.

విజయవాడ వన్‌టౌన్, గుంటూరు పట్నంబజారు, హైదరాబాద్ బేగంబజారు, ఏ పాత బజారు చూసినా ఇంటి పద్ధతి ఇంచుమించు ఒక్కటే. కింద కొట్టు, వెనుక గోదాము, పైన కాపురం. స్థలానికి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. రెండు పక్కలా ఇళ్లు ఆనుకొని ఉంటాయి గనుక పక్క కిటికీలకు తావు లేదు. గాలి, వెలుతురు రావలసింది మూడు చోట్ల నుంచే: వీధి ముఖం, నడిమి మండువా, వెనుక పెరడు. గోదాము చాలక పెరట్లో రేకుల షెడ్డు వేశారు, మండువాపై స్లాబు పోశారు. మిగిలింది వీధి ముఖం ఒక్కటి. దానికి కూడా నిలువునా అద్దం, షీటు బిగిస్తే ఇల్లు మూత పెట్టిన డబ్బా అవుతుంది.

మొదట తెలిసేది సరుకుకే. గాలి ఆడని గోదాములో బెల్లం చెమ్మ లాగి కారుతుంది, మిర్చికి బూజు పట్టి రంగు దిగుతుంది, పప్పులకు పురుగు పడుతుంది. బస్తాకు తరిగిన ఆ ధరను ఎలివేషను ఖర్చు కింద ఎవరూ రాయరు. మేడ మీద ఉక్క భరించలేక గదికొక ఏసీ వస్తుంది. ఒకప్పుడు నాలుగు బల్బులకు, రెండు ఫ్యాన్లకు వేసిన తీగ మీద ఆ బరువంతా పడుతుంది.

ఆ బరువు ఎక్కడికి దారి తీయగలదో 2025 మే 18న హైదరాబాద్ చూసింది. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద నగల కొట్లు, పైన కాపురం ఉన్న భవనంలో నిప్పు అంటుకొని ఒకే కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అగ్నిమాపక శాఖ ప్రాథమికంగా చెప్పింది. మంటకంటె పొగే ఎక్కువ ప్రాణాలు తీసింది. పైవారు దిగడానికి ఉన్నది ఒకే ఇరుకు మెట్లదారి. ఆ రోజు తర్వాత కూడా మెట్లు కొట్టు లోపలి నుంచే ఉంచుకొని ముందు గోడకు కొత్త షీట్లు బేరమాడటం వర్తకుల లెక్కకు తగిన పని కాదు. రోడ్డు మీదికి నేరుగా దిగే రెండవ మెట్లదారి, తెరుచుకునే గ్రిల్లు తలుపు, కొత్త వైరింగు, ఈ మూడూ ఖాయమైన తర్వాతే ముఖం లెక్క ఎత్తుకోవాలి.

షీట్లలోనూ రకాలున్నాయి. రెండు అల్యూమినియం రేకుల నడుమ పాలిథిన్ నింపిన రకం చౌక. అది మండుతుంది. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌కు తొడిగినది ఆ రకమే. 2017 జూన్ 14 నాటి అగ్నిప్రమాదంలో అక్కడ 72 మంది పోయారు. నిప్పును తట్టుకునే ఖనిజపు పొడి నింపిన రకం ఖరీదు. పైకి రెండింటి నిగనిగ ఒక్కటే గనుక కొనేవారు బిల్లు మీద రకం రాయించుకోవాలి.

ముఖం అక్కరలేదని ఎవరూ అనరు. కొట్టు తీరు చూసి కూడా పరపతి కట్టే బజారు ఇది. అయితే ముఖం అందంగా ఉండటానికి మూసుకోనక్కరలేదు. మట్టి జాలీ, సిమెంటు జాలీ గాలిని ఆపవు, ఎండను ఆపుతాయి. మెట్లకు బేతంచెర్ల, తాండూరు రాళ్లు చాలు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు మీద మోజు ఉంటే సింహద్వారం చుట్టూ ఒక పట్టీ వేసుకోవచ్చు. గోడంతా పరిస్తే మధ్యాహ్నానికి ఆ నలుపు పెనంలా కాలుతుంది.

ఎండ లెక్క కూడా చూడదగినదే. 20 అడుగుల వెడల్పు, 80 అడుగుల లోతు గల రెండంతస్తుల ఇంటికి ముఖం 22 అడుగుల ఎత్తున 440 చదరపు అడుగులు. కప్పు 1,600. ముఖం ఎండ చూసేది ఒక పూట, కప్పు పొద్దస్తమానం. సొమ్ము మాత్రం 440కి పోతున్నది. పైకప్పుకు తెల్లని పూత, తెల్ల పలకలు వేస్తే వేడి తగ్గుతుందని 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. సిమెంటు పర్మిటు మీద దొరికిన రోజుల్లో, అంటే 1982లో సగం, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తివేసే దాకా, చేతికొచ్చిన నాలుగు బస్తాలు కారే మిద్దెకే పోయేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది. మూలధర మారని పక్షంలో 128 రూపాయల సరుకు 118కి వచ్చినట్లు. ఆ పది రూపాయలు మెట్లకు, కప్పుకు చేరితే మంచిది.

షట్టరు వెడల్పు చేయాలని ముందు గోడ కొట్టేవారు మరొక మాట గమనించాలి. సున్నం, ఇటుకతో కట్టిన పాత ఇళ్లకు స్తంభాలు లేవు, బరువు గోడలదే. మేడ దూలాలు ఆ గోడ మీదనే ఆని ఉండవచ్చు. ముట్లు పెట్టి, ఇనుప దూలం ఎక్కించకుండా గోడ తీయరాదు. ఈ సంగతి ఇంజనీరు చెప్పాలి. బజారులో ముందుగా వచ్చేది వాస్తు పండితుడు, ఇంజనీరు గోడ బీటలు ఇచ్చాక వస్తాడు. రోడ్డు వెడల్పు గీత ఎక్కడిదాకా ఉన్నదో మునిసిపల్ ప్లానులో చూసుకోవడం అన్నిటికంటె ముందు. గీత వసారా మీదుగా పోతే ముఖానికి పెట్టినదంతా ప్రొక్లెయినరు పాలు.

అమ్మేవారికీ ఇందులో లాభం ఉన్నది. మోర్బీ నుంచి తెప్పించిన ఎలివేషను టైల్సు ఫ్యాషను మారగానే గోదాములో నిలిచిపోతాయి. పాత పెట్టెకు కొత్త పెట్టె రంగు కలవదు గనుక మిగులు అమ్ముడుపోదు. తీగలు, పైపులు, గ్రిల్లు కడ్డీలు, జాలీలు, ఎగ్జాస్టు ఫ్యాన్లు అలా నిలవవు. ఎలివేషను సరుకుకు మేస్త్రీలకు ఇస్తున్న కమీషనులో కొంత మెట్ల సరుకుకు, వైరింగు సరుకుకు మళ్లిస్తే మేస్త్రీ మాట కూడా అటే తిరుగుతుంది. పాత ఇంటివాడు ఇంజనీరు మాటకంటె, వాస్తు మాటకంటె ఎక్కువగా వినేది మేస్త్రీ మాటే.