రెండు రెల్లుముక్కలు



నందిగామ నుంచి ఒక చెల్లెలు ఇలా అడిగింది: "అన్నయ్యా! బడిలో మాకు 'పీటరు, తోడేలు' అనే సంగీత కథ వినిపించారు. అందులో తాతగారు వచ్చినప్పుడల్లా ఒక వాద్యం బొంగురుగా మోగుతుంది. దాని పేరు బాసూన్ అట. అది మన సన్నాయికి చుట్టమని మాస్టారు చెప్పారు. నిజమేనా?"

నిజమేనమ్మా. రష్యా దేశపు ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసమే ఆ కథ కట్టాడు. పక్షికి ఫ్లూటు, పిల్లికి క్లారినెట్టు, తాతగారికి బాసూన్ ఇచ్చాడు.

బాసూన్ ఒక కొయ్యగొట్టం. చాపి కొలిస్తే ఎనిమిది అడుగుల పైమాటే! అంత పొడుగు పట్టుకోవడం కష్టం కనుక మధ్యకు మడిచారు. మన పెద్ద సన్నాయి, అంటే నాదస్వరం, ఇంచుమించు రెండున్నర అడుగులే. గొట్టం పొడుగైతే గొంతు లావు, పొట్టిదైతే గొంతు సన్నం. అందుకే ఒకటి తాతగారిలా దగ్గుతుంది, ఇంకొకటి ఊరంతా వినిపించేలా పాడుతుంది.

మరి చుట్టరికం ఎక్కడుంది? పీకలో ఉంది! రెండింటికీ రెల్లుజాతి గడ్డికాడతో చేసిన పీక ఉంటుంది. అందులో రెండు పలుచని రేకులు పెదవుల్లాగా ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఊదితే ఆ రేకులు క్షణానికి వందలసార్లు మూసుకొని తెరుచుకుంటాయి. ఆ అదురుకు గొట్టంలోని గాలి కూడా అదిరి నాదమవుతుంది.

ఈ పీక సంగతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను. చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా పిన్ని పెళ్లి. మేళంవారు ఫలహారానికి లేచారు. నేను మెల్లగా వెళ్లి సన్నాయి ఊదాను. "తుస్సు" మన్నది. ఇంకా గట్టిగా పళ్లతో పట్టి ఊదాను. పీక చిట్లిపోయింది!

ముహూర్తం దగ్గర పడింది. నాకు ఏడుపు వచ్చింది. సన్నాయి తాత వచ్చి చూశాడు. తిట్టలేదు. వాద్యానికి దారంతో కట్టి ఉన్న మరో పీక తీసి, నోట్లో తడిపి, నెమ్మదిగా ఊది చూశాడు. అది బాగా పలకలేదు. పుల్లతో కాస్త సవరించి మళ్లీ ఊదాడు.

"నలభై ఏళ్లనుంచి వాయిస్తున్నావు గదా తాతా! నీకూ పలకదా?" అన్నాను.

"కొత్త పీక ముందు నేనూ కొత్తవాణ్ణే, అబ్బాయీ! దాని దగ్గర మళ్లీ నేర్చుకోవాలి," అన్నాడు. జీలకర్ర, బెల్లం పెట్టే వేళకు గట్టిమేళం మోగనే మోగింది.

ఆ మాట ఎంత నిజమో షేక్ చినమౌలానా గారి కథ తెలిశాక నాకు బోధపడింది.

చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. వారి వంశమే నాదస్వర వంశం. తండ్రిగారి దగ్గరా, తరవాత చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గరా విద్య నేర్చారు. మన జిల్లాలలో మంచి పేరు వచ్చింది. ఇంకొకరయితే అక్కడితో తృప్తిపడేవారు. కాని తంజావూరువారి బాణీ, రాగాన్ని నెమ్మదిగా పెంచే ఆ తీరు, ఆయన మనసును పట్టుకున్నది. పేరున్న విద్వాంసుడై ఉండి కూడా తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల ముందు మళ్లీ శిష్యుడై కూర్చున్నారు!

తరవాత శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. మహమ్మదీయుడైన ఆయన గుడి వాద్యాన్ని ఎంతో భక్తితో వాయించేవారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. శ్రీరంగంలో నాదస్వరం నేర్పడానికి ఒక ఆశ్రమం కూడా పెట్టారు. 1999లో కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు ఆయన దగ్గరే నేర్చుకొని విద్వాంసులయ్యారు.

ఇప్పుడు మీకొక పని. శీతలపానీయం తాగే కాగితపు గొట్టం తీసుకోండి. ఒక కొస నొక్కి చదును చేసి, రెండు మూలలూ కత్తిరించి మొనలాగా చెయ్యండి. ఆ మొనను పెదవుల మధ్య ఉంచి ఊదండి. మొదట "తుస్సు" మంటుంది. విసుగుపడకండి! పెదవుల బిగి మార్చి, మళ్లీ మళ్లీ ఊదండి. పలికిన తరవాత రెండో కొసనుంచి కొంచెం కొంచెం కత్తిరిస్తూ ఊదితే గొంతు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. కత్తెర దగ్గర అమ్మనో నాన్ననో ఉంచుకోండి.

ఈసారి నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో పెళ్లికి వెళ్లినప్పుడు భోజనాల వరసకు పరుగెత్తే ముందు కాసేపు సన్నాయి దగ్గర నిలబడి వినండి. పీక మాత్రం ముట్టుకోకండేం!

మీ అన్నయ్య