మెక్సికో పూలకి 'స్థానిక అడవి పూలు' అని బోర్డు



అరకు దగ్గర ఒక రిసార్టు వీడియో రెండు రోజులుగా మన గ్రూపులో తిరుగుతోంది. నారింజ, పసుపు రంగు పూలు, మధ్యలో కూర్చోడానికి చెక్క బల్ల, పక్కన 'స్థానిక అడవి పూల మైదానం' అని బోర్డు. మనవాళ్లు కూడా కింద గుండె బొమ్మలు పెడుతున్నారు. కానీ ఆ పూలు కాస్మోస్. వాటి పుట్టిల్లు మెక్సికో. పక్క వరసలో ఉన్న బంతిదీ ఆ దేశమే.

మరి స్థానిక పూలు ఏమయ్యాయి? మాకు తెలుసు. దసరా సెలవుల్లో మాలో నలుగురం అక్కడ రోజుకూలికి వెళ్లాం. అప్పజెప్పిన మొదటి పని కలుపు తీయడం. కలుపంటే ఏటి? తుమ్మి, నేలతాడి, కంచె మీదకి పాకిన అడవి నాభి. తేనెటీగలు వాలి ఉన్న తుమ్మి మొక్కల్ని వేళ్లతో సహా పీకించారు. అదే కంచె పక్కన లాంటానా కంపని మాత్రం ముట్టుకోవద్దన్నారు, ఫొటోల్లో బాగుంటుందట! అమెరికా ఖండం నుంచి తోటల అందానికని తెచ్చిన ఆ కంపే ఇవాళ మన పశువుల మేత బీళ్లని మింగేస్తోంది.

వలిసె కూడా బయటిదే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, అది ఇథియోపియా నుంచి వచ్చిన పంట. మన తాతలు దాన్ని నూనెకోసం వేశారు, తేనెటీగలూ దానిమీద బతికాయి. కానీ మనమెవరం దానికి అడవి పువ్వని బోర్డు కట్టలేదు. టూరిస్టులు ఆ చేలోకి దిగి, తొక్కి, ఫొటో తీసుకుంటే మన అమ్మలు పదో ఇరవయ్యో అడుగుతారు. దానికి కూడా బేరమే. రిసార్టు గేటు దగ్గర మాత్రం ఎవరికీ బేరం గుర్తు రాదు.

నిజమైన పూల బీడు పెంచడం కష్టం కాదు, ఓపిక కావాలంతే. వానలు పోయాక గింజ ముదిరినప్పుడు ఏరాలి, నీడలో ఆరబెట్టాలి, తొలకరికి ముందు చల్లాలి. ఎరువు వేయకూడదు. నేల బలిస్తే మొండి గడ్డి లేచి చిన్న పూల మొక్కల్ని నొక్కేస్తుంది. గింజ రాలేదాకా కొడవలి పెట్టకూడదు. కోశాక ఆ గడ్డిని అక్కడే వదిలేయకుండా ఎత్తేయాలి, పశువులకి వేయాలి. కలుపు మందు కొట్టనే కూడదు. లాంటానా, వయ్యారిభామ మొలిస్తే చేత్తో పీకాలి. మొదటి ఏడు చూడ్డానికి ఏమీ ఉండదు. ఎండాకాలం మొత్తం ఎండిపోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, అది దాని పద్ధతి. హోటలు వాళ్లకి మాత్రం పన్నెండు నెలలూ పచ్చగా కావాలి. అందుకే డ్రిప్పు పైపులు వేశారు. కింద ఊళ్లో మన ఆడవాళ్లు మే నెలలో ఊట దగ్గర బిందెలు వరసపెట్టి కూర్చుంటారు.

ఇక నేల సంగతి. ఏజెన్సీలో గిరిజనేతరుల పేరున భూమి బదిలీ చెల్లదని 1/70 చట్టం చెబుతోంది. ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో టూరిజం కోసం 1/70ని సవరించాలన్న మాట వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా బంద్ చేసింది. అంత గట్టిగా నిలబడ్డ మనం, ఎకరం పూలు చూడగానే ఆ పూల కింద పట్టా ఎవరి పేరున ఉందో అడగడం మానేస్తామా?

మేం పూల బీడుకి వ్యతిరేకం కాదు. నిజంగా మన పూలు కావాలంటే గ్రామసభకి రండి. గింజలు మన మహిళా సంఘాల దగ్గర, సభ చెప్పిన ధరకి కొనండి. ఏది ఎప్పుడు పూస్తుందో తెలిసిన మనవాళ్లకి నెల జీతం ఇవ్వండి, సీజనుకి పిలిచి పంపేసే కూలి కాదు. కోసిన గడ్డి ఊరి పశువులకి రావాలి. నాభి దుంపలు తవ్వి ఇమ్మని అడిగితే మాత్రం ఎవరూ ఇవ్వొద్దు. గింజ ఇస్తే మొక్క మిగులుతుంది, దుంప పోతే మొక్కే పోతుంది. పైగా అది విషం, టూరిస్టు పిల్లలు తిరిగే చోట దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లకి మనమే చెప్పాలి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో ఒక కమిటీ, మొక్కల వివరాలు రాసిన ఒక రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో అడిగి చూడండి. ఉంటే అందులో ఏం రాశారో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. లేకపోతే లేదని రాయండి, పేర్ల వారీగా మండలానికి అర్జీ పెడదాం.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. అమ్మమ్మలనీ తాతలనీ అడిగి పువ్వు పేరు కువిలో, ఆదివాసీ ఒరియాలో, తెలుగులో, మీ ఇంట్లో ఏది మాట్లాడితే అందులో రాయండి. ఏ నెలలో పూస్తుంది, దేనికి వాడతారు, ఎక్కడ తగ్గిపోయింది, అదీ రాయండి. దొరికిన గింజలు కాగితం పొట్లంలో కట్టండి, ప్లాస్టిక్ కవరులో వద్దు, బూజు పడుతుంది. తిరిగొచ్చిన మొదటి ఆదివారం సాయంత్రం హాస్టల్ మెట్ల దగ్గర కూర్చుందాం, పొట్లాలు తెండి.