బరువైన వాయువు నేలబారున నడుస్తుంది



"వాయువు ఎటు పోతుంది?" అని మీ పిల్లలను ఒకసారి అడిగి చూడండి. "పైకి" అన్న జవాబే ఎక్కువగా వినవస్తుంది. పొయ్యి పొగను, జాతరలో ఎగిరే బెలూన్లను చూచి వారు ఏర్పరచుకున్న అభిప్రాయమది. దానిని సరిదిద్దక వదలివేయడం ప్రమాదకరమని నా విశ్వాసం.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ ఆవిరి గాలికంటె దాదాపు రెండురెట్లు బరువైనది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలోని వెంకటాపురం వద్ద 12 మందిని బలిగొన్న స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లు బరువైనది. అవి ఆకాశానికి ఎగిరిపోలేదు. నిద్రలో ఉన్నవారి ఇళ్ళలోకి ప్రవేశించాయి.

ఇట్టి వాయువుల నడకను శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించారు. 1982-84 నడుమ ఇంగ్లండులోని థోర్నీ ద్వీపంలో 2,000 ఘనమీటర్ల బరువైన వాయువును ఒక్కసారిగా ఆరుబయట విడిచి కొలతలు తీసుకున్నారు. అవే ప్రయోగాలను చిన్న నమూనాలతో వాయుసొరంగంలో జరిపి ఫలితాలను పోల్చారు. ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. వాయువు సాంద్రతను మార్చక నమూనాను నూరవ వంతుకు తగ్గిస్తే, గాలి వేగాన్ని దాని వర్గమూలం ప్రకారం పదవ వంతుకే తగ్గించాలి. బయట సెకనుకు 5 మీటర్ల గాలికి సొరంగంలో అర మీటరు సరిపోతుంది. వర్గమూలాలు ఎందుకని అడిగే విద్యార్థికి ఇది చూపండి.

ఆ ప్రయోగాలు తెలిపినదేమి? బరువైన వాయువు మొదట కుంగి, నేలమీద దుప్పటివలె నలువైపులా పరచుకుంటుంది. గాలి మందంగా ఉంటే కొంతదూరం ఎదురుగాలిలోకి సైతం పాకుతుంది. పైగాలితో త్వరగా కలియదు, పల్లంలో నిలిచిపోతుంది.

అగ్నిప్రమాదంలో వేడిపొగ పైన చేరుతుంది కనుక వంగి పాకుతూ బయటపడాలని మనం నేర్పుతున్నాము. మంచిదే. కాని బరువైన వాయువు కమ్మినప్పుడు వంగడం, పల్లానికి పరుగెత్తడం ప్రాణాంతకం కావచ్చు. గాలివాటుకు అడ్డంగా, మెరకవైపు సాగాలి. ఈ రెండు పాఠాలను జంటగా చెప్పకపోతే మొదటిదే పిల్లవానికి అపకారం చేయగలదు.

తరగతిలో మీరే చేసి చూపండి. లోతైన గాజుపాత్రలో ఒక పొట్టి కొవ్వొత్తిని, ఒక పొడుగు కొవ్వొత్తిని వెలిగించండి. వేరొక గిన్నెలో వంటసోడాపై వెనిగర్ పోసి, వెలువడిన బొగ్గుపులుసు వాయువును మాత్రమే పాత్ర అంచువెంట మెల్లగా వంచండి. పొట్టిది ముందుగా ఆరుతుంది. ఎందుకని అడిగి, వారి జవాబుకు వేచి ఉండండి. పిమ్మట మీ ఊరిలో మెరక ఎటువైపున్నదో అడగండి.