పాటకి మార్కులా, పాడినందుకు మార్కులా?

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్‌లో రెండ్రోజులు ఒకటే చర్చ. ఆ బంగారు బొమ్మ కీరవాణికీ, చంద్రబోస్‌కీ మాత్రమే ఇచ్చారు, మరి పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఏం పాపం చేశారు? అసలా స్టెప్పులు లేకపోతే ఆ పాటని అంతమంది చూసేవాళ్ళా, మరి ప్రేమ్ రక్షిత్ సంగతేంటి? ప్రశ్నలు సమంజసమే. కానీ ఆ అవార్డు పేరే 'ఒరిజినల్ సాంగ్'. పాట పుట్టించినవాళ్ళకే అది. పాడినవాళ్ళు ఎంత గొప్పగా పాడినా, ఆడినవాళ్ళు ఎంత గొప్పగా ఆడినా, ఆ లెక్కలో రారు.

గ్రామీ వాళ్ళయితే ఈ తేడాని 1959లో మొదటిసారి ఇచ్చినప్పుడే పాటించారు. 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్' వేరు, 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' వేరు. మొదటిది మనం విన్న రికార్డింగుకి, అంటే పాడినవాళ్ళకీ, దాన్ని తయారుచేసినవాళ్ళకీ. రెండోది రాసినవాళ్ళకి. కాయితమ్మీద ఉండే పాట ఒకటి, చెవిలో పడే పాట ఇంకోటి అన్నమాట.

ఇదంతా ఎందుకంటే, రెండేళ్ళుగా నేను మా ఊరి తెలుగు సంఘం ఉగాదికి పెట్టే సొంత పాటల పోటీకి జడ్జిని. (అర్హత? అప్పుడప్పుడూ నాలుగు లైన్లు గిలుకుతాడు, పిలిస్తే కాదనడు.) మిగతా ఇద్దరు నాకన్నా చాలా పెద్దవాళ్ళు. ఒకరు సంగీతం మాస్టారు, ఇంకొకరు రిటైరైన తెలుగు లెక్చరర్ గారు. కమిటీ వాళ్ళు మా ముగ్గురికీ ఒక ఎక్సెల్ షీటు పంపిస్తారు. సాహిత్యం 25, బాణీ 25, గానం 25, ప్రెజెంటేషన్ 25. కూడితే వంద. ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళకి శాలువా. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో కదా! నా గొడవంతా ఈ షీటుతోనే.

మొదటి ఏడు ఇరవయ్యారు పాటలొచ్చాయి. పేర్లుండవు, నంబర్లే. పదిహేడో నంబరు పాట ఫోన్లో రికార్డు చేసింది. వెనకాల ఫ్యాను చప్పుడు, మధ్యలో ఎవరో గిన్నె కింద పడేశారు కూడా. పాడినతనికి శ్రుతి మీద పెద్దగా అదుపు లేదు. పాట ఏదో ప్రాజెక్టు కింద మునిగిపోయిన ఊరి గురించి. ఏ ప్రాజెక్టో చెప్పడు. నాగార్జునసాగర్, శ్రీశైలం, పోలవరం, మల్లన్నసాగర్... మనకి కొదవేముంది, ఎవరికి తెలిసింది వాళ్ళు పెట్టుకోవచ్చు. పల్లవి ఇంతే: "తాళంచెవి జేబులోనే ఉంది, తలుపే లేదు". రెండో చరణం తేలిపోయింది, అమ్మ, కన్నీరు, గుండె అని అందరూ వాడే మాటలతో నింపేశాడు. అయినా ఆ పల్లవి వారం రోజులు నన్ను వదల్లేదు.

నాలుగో నంబరు పాట స్టూడియోలో చేయించింది. ఫ్లూటు, వయొలిన్లు, చక్కటి గొంతు. మౌనం, గానం, ప్రాణం, వరుసగా ప్రాసలు. నీలిమేఘం కూడా వచ్చి వెళ్ళింది. తప్పు పట్టడానికేం లేదు, గుర్తుంచుకోడానికీ ఏం లేదు.

ఫలితాలొచ్చాక నేను ఊరుకోలేక షీటు తెరిచి కాలమ్స్ విడగొట్టి చూశాను (మన జబ్బు అంత తేలిగ్గా పోదుగా). సాహిత్యం, బాణీ రెండే తీసుకుంటే, ముగ్గురు జడ్జీలవీ కలిపి పదిహేడో నంబరుకి 150కి 118. నాలుగో నంబరుకి 102. అంటే 'పాట'గా చూస్తే ముగ్గురికీ కలిపి నచ్చింది పదిహేడే. గానం, ప్రెజెంటేషన్ కలిపితే మాత్రం దీనికి 60, దానికి 132. మొత్తం 178కి 234. నాలుగో నంబరుకి మొదటి బహుమతి, పదిహేడుకి పదకొండో స్థానం, ఒక పార్టిసిపేషన్ సర్టిఫికెట్టూ.

కాబట్టి ఇది జడ్జీల అభిరుచి గొడవ కాదండీ. మా అభిప్రాయం మేం సరిగ్గానే చెప్పాం. కూడికే దాన్ని మింగేసింది. బ్యాకెండ్ ఎంత బాగా రాసినా, డెమోలో స్క్రీన్ మెరిసిన టీముకే కప్పు వచ్చే హ్యాకథాన్లు మీరు చూసే ఉంటారు.

మార్కుల సగటుతో పాటల్ని తూచడం పెద్దవాళ్ళకీ కుదర్లేదు. ఒకప్పుడు ఆస్కార్ మ్యూజిక్ బ్రాంచి సభ్యులు ఒక్కో పాటకీ 6 నుంచి 10 దాకా మార్కులేసేవాళ్ళు. సగటు 8.25 దాటితేనే నామినేషన్‌కి అర్హత. 2012 ఫిబ్రవరి వేడుకకి వచ్చేసరికి, ఏడాది మొత్తం సినిమాల్లోంచి తేలినవి రెండంటే రెండు పాటలు. ఆ ఏడే ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఐదు పాటల్ని ఎంచే పద్ధతికి మారిపోయారు. "దీనికి పదికి ఎన్ని?" అనడం కన్నా "ఈ రెండిట్లో ఏది?" అని అడిగితే మనిషి కాస్త నిజాయితీగా జవాబు చెప్తాడని నా నమ్మకం.

అసలు మనకి పాడేవాళ్ళని జడ్జి చెయ్యడం బాగా అలవాటు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పట్నుంచీ మూడు తరాలు ఇంట్లో కూచుని శ్రుతి పోయిందనీ, సంగతి పడలేదనీ తీర్పులిస్తున్నాం. బాలుగారు పుణ్యాన ఉచ్చారణ గురించి కూడా కాస్త తెలిసింది. కానీ అక్కడ పాడేవి అప్పటికే నెగ్గిన పాటలు. పాట బాగుందా అన్న ప్రశ్నే రాదు, పిల్లాడు బాగా పాడాడా అన్నదే ప్రశ్న. ఎవరూ వినని పాట ముందు కూచోబెట్టేసరికి మనం అదే కొలబద్ద తీస్తాం, వేరేది చేతిలో లేదు కనక.

వేరే కొలబద్ద ఏంటంటారా? నా మటుకు నేను మొదట చూసేది, మాట బాణీలో కూచుందా లేదా అని. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వస్తే మాటే మారిపోతుంది. ఒక పాటలో "నా మది నీదే" అని రాశారు. 'మ' దగ్గర బాణీ రెండు మాత్రలు ఆగమంది. వినేవాడికి "నా మాది నీదే" అని వినపడింది. ఆస్తి తగాదాలా, ఎవరిది ఎవరిదో తేల్లేదు. ఇంకో పాటలో "వాన రాలేదు" అన్నచోట ఊపిరి కోసం 'రా' తర్వాత ఆగాల్సొచ్చింది. "వానరా... లేదు". లెక్చరర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఈ రెండు పాటలకీ కాయితమ్మీద సాహిత్యం శుభ్రంగానే ఉంది. బాణీ విడిగా ఈల వేస్తే బానే ఉంది. రెండూ కలిసినచోటే తేడా. దీనికి ఏ కాలంలో మార్కులు తగ్గించాలి? షీటులో అలాంటి కాలమే లేదు! (కచేరీల్లో హ్రస్వాలు సాగదీయరా అంటే, సాగదీస్తారు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ అక్కడ చాలాసార్లు మాట ఒకసారి చెవికెక్కాకే విస్తారం మొదలవుతుంది.)

ఇప్పుడు పదిహేడో నంబరు పల్లవి చూడండి. "తలుపే లేదు"లో 'పే' దగ్గర అతని బాణీ ఆగుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా మనం నొక్కేది అక్కడే కదా. "లేదు" దగ్గరికొచ్చేసరికి ఏ గమకమూ లేకుండా కింది షడ్జమం మీద వాలిపోతుంది. అతనికి వ్యాకరణం, సంగీతం తెలిసి చేశాడో లేక నోటికొచ్చిందే పాడాడో నాకనవసరం. అది పాట.

"శ్రుతి లేనిది పాటేంటి బాబూ?" అన్నారు మాస్టారు. ఆయన మాట తీసెయ్యదగ్గది కాదు. శ్రుతి తప్పితే బాణీ ఏమిటో కూడా సరిగ్గా తెలీదు. కానీ అందుకు మందు గానానికి 25 మార్కులు కాదు, పాడ్డానికి వేరే మనిషిని తెచ్చుకోనివ్వడం. మన సినిమా పాటకి రాసేవాడొకడు, బాణీ కట్టేవాడొకడు, పాడేవాడొకడు. ఆ ముగ్గురి పనీ మా పోటీలో ఒకడే చెయ్యాలని నియమం పెట్టి, సరిగ్గా చెయ్యలేదని మార్కులు కొయ్యడమేంటి?

పైగా ఇప్పుడు కొత్త చిక్కొకటి. 2023 చివర్లో సూనో లాంటివి వచ్చాక, నాలుగు లైన్లు టైపు చేస్తే వాద్యాలతో సహా శ్రుతి తప్పని పాట నిమిషంలో తయారు. రెండో ఏడు వచ్చిన ముప్ఫయ్యొక్క పాటల్లో తొమ్మిది దాకా ఆ బాపతే అని నా అనుమానం. గొంతు బ్రహ్మాండంగా ఉంటుంది, 'ళ' మాత్రం ఎటో పోతుంది. యంత్రం వాడారని నేనేం గుండెలు బాదుకోను. కానీ గానానికీ, ప్రెజెంటేషన్‌కీ సగం మార్కులు పెట్టిన షీటు, ఆ సగాన్ని యంత్రానికి ఉచితంగా రాసిచ్చేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది. పోటీ ఫలితమంటే పాల్గొన్నవాళ్ళకి వచ్చే ఏటి సిలబస్. మొదటి ఏడు స్టూడియో పాట నెగ్గింది కదా, రెండో ఏడు పన్నెండు పాటల్లో 'మౌనం' ఉంది. ఫ్లూటు ఎన్నిట్లో ఉందో లెక్కపెట్టలేదు. తాళంచెవి లాంటి పాట ఒక్కటీ రాలేదు. పదిహేడో నంబరు మనిషి మళ్ళీ పంపాడో లేదో నాకు తెలిసే దారి లేదు. పంపి ఉంటే ఆ పన్నెండు మౌనాల్లో ఒకటి అతనిదేమో అన్న ఆలోచన అస్సలు బాలేదు. అతనికి చెప్పాల్సింది "మంచి మైకు కొనుక్కో" అని కాదు, "రెండో చరణం మళ్ళీ రాయి, పల్లవి జోలికి మాత్రం వెళ్ళకు" అని. సర్టిఫికెట్టు ఆ మాట చెప్పదు.

అందుకే కమిటీకి ఒక మెయిలు రాశాను. ప్రెజెంటేషన్ తీసెయ్యండి. ఎవరిచేతైనా పాడించుకోనివ్వండి. చివరి రౌండుకి వచ్చిన ఆరేడు పాటల్నీ ఒకే గదిలో, ఒక్క శ్రుతిపెట్టెతో విందాం. మొదటిసారి సాహిత్యం కాయితం చేతిలో లేకుండా, రెండోసారి కాయితంతో. మార్కులొద్దు, ఒక్కో జడ్జి వరసక్రమం రాసిస్తే చాలు. ఇక నెగ్గినా ఓడినా ప్రతి పాటకీ జడ్జీలు కలిసి నాలుగు లైన్లు రాసివ్వాలి. మనం రోజూ ఆఫీసులో తోటివాళ్ళ కోడ్ చదివి ఇక్కడ ఇలా ఉంటే బావుంటుంది అని రాస్తూనే ఉంటాం, ఎవరూ ఉరేసుకోవట్లేదు.

పాడించుకోవడానికి ఒప్పుకున్నారు. శ్రుతిపెట్టె రౌండుకి హాలు దొరికితే చూద్దామన్నారు. ప్రెజెంటేషన్‌ని పదికి తగ్గించారు గానీ తీసెయ్యలేదు, "స్పాన్సర్లు వస్తారు కదండీ" అట. నాలుగు లైన్ల సంగతికి మాత్రం ససేమిరా అన్నారు, జనం ఫీలవుతారని. ముప్ఫయ్యొక్క పాటలకి తలా నాలుగు లైన్లు నేనొక్కణ్ణే రాస్తానన్నాను. లెక్చరర్ గారు సగం తనకి పంపమన్నారు. కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు.