బీరువాలో సర్టిఫికెట్లు, గుప్పిట్లో లెక్చరర్లు

ఎండాకాలం వచ్చిందంటే ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు అడ్మిషన్ల కోసం గడప గడపా తొక్కాలి. టార్గెట్ అందకపోతే స్టాఫ్ మీటింగులో పేరు పెట్టి లేపుతారు. పదిహేనేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న మేడమ్‌ను నిలబెట్టి, నిన్నగాక మొన్న వచ్చిన ఏజీఎం కుర్రాడు "తీసుకునే జీతానికి సిగ్గుండాలి" అంటాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలెత్తరు. ఎత్తితే తర్వాతి వంతు వాళ్లదే. పోనీ మానేద్దామా? టెన్త్ మెమో నుంచి పీజీ పట్టా దాకా ఆవిడ ఒరిజినల్స్ చేరిన రోజే తీసుకుని హెడ్డాఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇది పట్టపగలు జరుగుతున్న దౌర్జన్యం. వేధింపు లైంగికమైతే 2013 చట్టం ఉంది. నలుగురిలో పరువు తీస్తే దానికంటూ ప్రత్యేక చట్టం లేనే లేదు. లేబర్ కోర్టుకు వెళ్దామంటే, టీచర్లు కార్మికుల నిర్వచనంలోకి రారని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. కాలేజీ అటెండర్‌కు తెరిచిన తలుపు లెక్చరర్‌కు మూసేశారన్నమాట! విచారణ లేకుండా టీచర్‌ను తీసేయకూడదని 1982 విద్యా చట్టం ప్రైవేటు సంస్థలకూ చెప్పింది. యాజమాన్యాలు తెలివైనవి. తీసేయవు, రాజీనామా రాయించుకుంటాయి.

"లాయర్ ఫీజు ఎక్కడి నుంచి తేను?" యాజమాన్యాల ధైర్యమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది. దానికి జవాబు 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. పన్నెండో సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి, కోర్టు ఫీజూ భరించాలి. కేసులో పస ఉందా అని చూస్తారు తప్ప జీతమెంతని అడగరు. మిగతా మగవాళ్లకు మాత్రం ఆదాయ పరిమితి పెట్టారు. చాలీచాలని జీతంతో ఆ గీత దాటినవాడి గతేమిటో ఏ ప్రభుత్వమూ ఆలోచించలేదు.

ఉచిత లాయర్ సరిగ్గా వాదిస్తాడా అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ లాయర్లకిచ్చే పారితోషికం అంతంతమాత్రమే, నిజమే. కానీ ఈ కాలేజీలు భయపడేది వాదనకు కాదు, కాగితానికి. లాయర్ సంతకంతో నోటీసు అందాక "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పడం అంత తేలిక కాదు.

ర్యాంకుల ఫ్లెక్సీలు ఊరంతా కట్టే కాలేజీ, న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయమని స్టాఫ్ రూములో ఒక్క కాగితం అంటించదు. గుర్తింపు ఇచ్చే ఇంటర్ బోర్డు ఫైర్ ఎన్‌వోసీ అడుగుతుంది, లెక్చరర్ల ఒరిజినల్స్ ఎవరి బీరువాలో ఉన్నాయో అడగదు. ఎందుకడగదు? అవి వెనక్కిస్తేనే గుర్తింపు అని ఒక్క షరతు పెట్టడానికి ఎవరు అడ్డొచ్చారు?

మేడమ్, వాళ్లు ముందు పెట్టిన రాజీనామా మీద సంతకం పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో తిట్టిన తిట్లు, జీతం కోసిన నెల బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడో అడగండి. తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.